థైరాయిడ్ రక్తపరీక్ష: అంకెల అంతరార్థము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

ఇరువదియైదేండ్లుగా మనకు పుస్తకములు చదువ నేర్పిన యీ గ్రంథాలయమున, నేడు రక్తపరీక్షా పత్రము నొకదానిని చదువు విధము మనవి చేయుదును. మా యింట జరిగిన పొరపాట్లే నన్నిందుకు పురికొల్పినవి.

నా చెల్లెలు కొంతకాలము నిస్సత్తువతోను మలబద్ధకముతోను బాధపడెను. చలికి తాళలేకపోయెను. ఒడలు బరువెక్కెను. మేము దానిని సోమరితన మంటిమి. తుదకు రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. 38 అని వచ్చినది. థైరాయిడ్ పని హెచ్చినదని తలచితిమి. నిజము దానికి విపరీతము.

కంఠమున సీతాకోకచిలుక ఆకృతిలో నుండు థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అను హార్మోనును రక్తమున విడుచును. దీనినే పత్రమున టి4 అందురు. 1914లో అమెరికాలో కెండాల్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసెను. దేహవ్యాపారముల వేగము దీనిపై ఆధారపడియున్నది. టి.ఎస్.హెచ్. ఆ గ్రంథినుండి పుట్టునది కాదు. మెదడు అడుగుననున్న పీయూషగ్రంథి దానికి పంపు ఆజ్ఞ. ఎద్దు మందగించినకొలది రైతు అదలింపు హెచ్చును గదా! అట్లే థైరాక్సిన్ తగ్గినకొలది టి.ఎస్.హెచ్. సాధారణముగా పెరుగును, థైరాక్సిన్ మితిమీరినచో అది అడుగంటును.

పెద్దలకు సామాన్యముగా లీటరునకు 0.4 మొదలు 4 మిల్లీ యూనిట్ల వరకు ఉండును. ప్రయోగశాలనుబట్టి హద్దులు మారును గనుక పత్రముపై ముద్రించినవానినే చూడవలెను. గర్భిణులకు హద్దులు వేరు. టి.ఎస్.హెచ్. పెరిగి టి4 తగ్గినచో గ్రంథి సోలినదని గ్రహింపవలెను. టి4 సరిగా నుండి టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగినచో భయపడక, వైద్యుడు చెప్పిన గడువునకు మరల పరీక్ష చేయించుకొనవలెను.

మా రెండవ పొరపాటు మరింత పెద్దది. మాత్రలు వాడగా అంకె 3కు దిగినది. జబ్బు నయమైనదని మాత్రలు మానిపించితిమి. కొన్ని మాసములలో ఆమె మరల మంచము పట్టెను. అంకె దిగినది గ్రంథి కోలుకొన్నందున గాదు; మాత్ర దాని లోటు తీర్చినందున. తోడెద్దును కట్టగా బండి సాగి, అదలింపు ఆగినది. ఆ తోడెద్దునే విప్పినచో బండి సాగునా?

మాత్రను పరగడుపున నీటితో మ్రింగవలెను. మోతాదు మార్చిన ఆరు మొదలు ఎనిమిది వారములకు గాని పరీక్ష నిజము చెప్పదు. కేశముల కొరకు బయోటిన్ మాత్రలు వాడువారు ఆ సంగతి ముందే తెలుపవలెను. అవి అంకెలను తారుమారు చేయగలవు. గర్భిణి యెన్నడును తనంత తాను మాత్ర మానరాదు. తొలి మాసములలో శిశువు మెదడు తల్లి థైరాక్సిన్ పైననే ఆధారపడును.

అలసిన ఇల్లాలిని సోమరి యనుటకు ముందు వైద్యునికి చూపుడు. అంకె సరియైనదని సంతసించుడు; కాని వైద్యుని యడుగక మాత్ర మానకుడు. ఇదియే నా విన్నపము. సెలవు.