మగ్గం దగ్గరికి ఏ కెమెరా?

వీడియో కెమెరా కొనబోయేవాళ్లు ముందు ‘ఫోర్ కే’ అన్న ముద్ర చూస్తారు. అది తర్వాత. ముందు చూడాల్సింది తీయబోయే చోటి వెలుతురు.

ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గాలు చాలావరకు ఇళ్లలోనే, ట్యూబులైటు కింద ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టరు వేగం 1/50 గానీ 1/100 గానీ పెట్టుకునే వీలు లేకపోతే బొమ్మ మినుకుమినుకుమంటుంది. కొట్లోనే ఆ సెట్టింగు తెరిపించి చూడండి.

అంతకన్నా నేను పట్టుబట్టేది బయటి మైకు తగిలించే సదుపాయం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు. మగ్గం చప్పుడులో నేతన్న మాట వినపడకపోతే ఎవరు కూర్చుంటారు? పెనుకొండ కొండ మీదయితే గాలి హోరు ఆపడానికి మైకుకు స్పాంజి తొడుగూ కావాలి. అక్కడి నుంచి ఊరిని దగ్గరగా తీయాలంటే ఆప్టికల్ జూమ్ చూడండి. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే సాగదీస్తుంది, దానికి డబ్బు దండగ.

హిందూపురం పక్కన లేపాక్షి మండపాల్లాంటి మసక వెలుతురుకు పెద్ద సెన్సర్ మేలు.

సెకండ్‌హ్యాండులో మినీ డీవీ క్యాసెట్ కెమెరాలు చవగ్గా దొరుకుతాయి. కానీ ఆ టేపును కంప్యూటర్‌కు ఎక్కించే ఫైర్‌వైర్ పోర్టు ఇప్పటి ల్యాప్‌టాపుల్లో ఉండదు. మెమరీ కార్డుదే తీసుకోండి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కొట్లోనే రికార్డింగు పెట్టి చూసుకుని.