చైన్‌కి వాక్సా, లూబా? ముందు మీ రోడ్డు చూడండి

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను సైకిల్ మీదే ఫుడ్ డెలివరీ చేస్తా. చైన్‌కి వాక్స్ వేస్తే ఎక్కువ రోజులు వస్తుందంట కదా, వేయాలా?" నేను మూడేళ్ల నుంచి వాక్సే వాడుతున్నా. వెంటనే "వేసెయ్ తమ్ముడూ" అని టైప్ చేశా. పంపే ముందు ఆగిపోయా. ఎందుకో చెప్తా.

చైన్ సాగింది అంటాం కదా, నిజానికి ఇనుము సాగదు. లోపల పిన్నులు అరిగి, ఒక్కో లింక్ దగ్గర కొంచెం కొంచెం లూజ్ వస్తుంది. అరగదీసేది దుమ్ము. జిగట ఆయిల్‌కి దుమ్ము అంటుకుంటే నల్లటి పేస్ట్ అవుతుంది. చైన్ లోపల మనమే ఉప్పుకాగితం పెట్టినట్టు!

వాక్స్ గెలిచేది ఇక్కడే. కరిగించిన పారఫిన్ మైనంలో చైన్ ముంచి తీస్తాం. ఆరాక పొడిగా ఉంటుంది, దుమ్ము పెద్దగా పట్టదు. కానీ ముందు కంపెనీ గ్రీజంతా పోయేలా కడగాలి, లేకపోతే మైనం పట్టదు. మైనం గిన్నెని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. సుమారు 300 కిలోమీటర్లకి మళ్లీ ఇదే పని. వానలో బాగా తడిస్తే ఇంకా ముందే. తుడవకుండా వదిలేస్తే తుప్పు కూడా.

ఇప్పుడు నా సంగతి చూడండి. నేను తొక్కేది ఆదివారం పొద్దున, ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద. ఆ తమ్ముడు రోజూ వానలో, బురదలో తిరిగి రాత్రి 11కి రూమ్‌కి వస్తాడు. చైన్ విప్పి కూర్చుంటే మర్నాడు డ్యూటీ పోతుంది. "నా సిస్టమ్‌లో పనిచేస్తోంది కదా" అని టెస్టర్‌తో వాదించే డెవలపర్‌లా జవాబు ఇవ్వబోయా!

అందుకే లూబ్ అని చెప్పా. రాత్రి చైన్ తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కటే చుక్క. పెడల్ వెనక్కి తిప్పి, పది నిమిషాలు ఆగి, బయట కనిపించేదంతా పాత బట్టతో తుడిచెయ్యాలి. పనిచేసేది లోపలున్న చుక్క. బయటున్నది దుముకి భోజనం. వానాకాలం వెట్ లూబ్, ఎండాకాలం డ్రై లూబ్. బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు.

ఏది వాడినా నెలకోసారి స్కేల్ పెట్టండి. కొత్త చైన్‌లో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో 16వ వంతు ఎక్కువొస్తే చైన్ మార్చండి. 8వ వంతు దాకా ఆగితే వెనక పళ్లు కూడా పోయినట్టే. నా మొదటి సైకిల్‌కి నేను ఆగా. చైన్ డబ్బులు మిగిల్చి క్యాసెట్ కొన్నా.

నిన్న తమ్ముడు రిప్లై ఇచ్చాడు. "స్కేల్ పెట్టా అన్నా, ఇంకా 12 దగ్గరే ఉంది."

మీది ఎంత వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. ఉంటా మరి!