పిల్ల వెంట పోయే సొమ్ము



ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంటే 62 మంది ఉన్న బడి నుంచి ఇద్దరు పిల్లలు ఉరవకొండ కాన్వెంటు బస్సెక్కితే ఇక్కడ ఒక టీచరు పోస్టే ఎగిరిపోతుంది. పోయింది ఇద్దరు. నష్టపోయేది మిగిలిన 60 మంది. అయిదు తరగతులూ ఇద్దరు పంతుళ్ల నెత్తిన పడతాయి. నిర్వహణ గ్రాంటూ అంతే, పిల్లల సంఖ్యను బట్టే వస్తుంది. గోడకు సున్నం మాత్రం పిల్లల్ని లెక్కపెట్టి రాలదు.

పిల్లతో పాటు సొమ్మూ పోయే ఈ లెక్క మనదొక్కటే కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1991లో చార్టర్ బడుల చట్టం తెచ్చింది. సొమ్ము ప్రభుత్వానిది, నడిపేది వేరేవాళ్లు. పిల్ల ఏ బడిలో చేరితే డబ్బు ఆ బడికి చేరుతుంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే గోర్డన్ లేఫర్ 2018లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ లెక్కలు విప్పి చూశాడు. పిల్లలు వెళ్లిపోయినా భవనాల ఖర్చు, కరెంటు ఖర్చు ఆ మేరకు తగ్గలేదు. చార్టర్ బడుల వల్ల అక్కడి ప్రభుత్వ బడుల మీద ఏడాదికి 5.73 కోట్ల డాలర్ల భారం పడుతోందని తేల్చాడు.

మనకు చార్టర్ బడులు లేవు. పిల్ల వెంట నడిచే సొమ్ము మాత్రం ఉంది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి అనే 15,000 రూపాయల పథకం ప్రభుత్వ బడి తల్లికీ, ప్రైవేటు బడి తల్లికీ వర్తించింది. 2025లో వచ్చిన తల్లికి వందనమూ అంతే. ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం చెప్పిన 25 శాతం ఉచిత సీట్లకు పల్లెల్లో ఫీజు 6,500గా పెట్టి, దాన్ని అమ్మ ఒడి డబ్బులోంచే కట్టమన్నారు. అలా సర్కారు సొమ్ము తల్లి చేతి మీదుగా ప్రైవేటు బడికి చేరింది.

నేను ఏ తల్లినీ తప్పుపట్టను. బిడ్డకు ఇంగ్లీషు రావాలని కోరుకోవడం ఆమె హక్కు. ఆ డబ్బు ఆమెకు అందాల్సిందే. నా గొడవ వేరు. శెనక్కాయ ఎండిన ఏడు బెంగళూరికి పనికి పోయే ఇల్లు కాన్వెంటుకు పోదు. ఆ పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోతారు, లేదంటే అమ్మానాన్నల వెంట పోయి మధ్యలో తిరిగొస్తారు. వాళ్లకు దిక్కు ఊరి బడే. హాజరు పలచబడేదీ, పోస్టు ఊడేదీ ఆ బడిలోనే. ఎక్కువ కష్టంలో ఉన్న పిల్లకు తక్కువ పంతుళ్లా? ఈ లెక్క నాకు మింగుడుపడదు.

2022లో 117 జీవో పేరుతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించినప్పుడు దూరం పెరిగి ఎంత అల్లాడామో మీకు తెలుసు. 2025లో దాన్ని రద్దు చేసి, మోడల్ ప్రైమరీ బడుల్లో తరగతికో టీచరు అన్నారు. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే పిల్లలు ఎక్కువగా ఉన్న బడికే ఆ యోగం. తండాలో పాతికమంది ఉన్న బడికి లేదు. కరువు మండలాల్లో పోస్టును తలల లెక్కతో కాక తరగతుల లెక్కతో ఇవ్వాలి. వలస నెలల్లో తగ్గిన హాజరును చూసి కోత పెట్టకూడదు.

ఈ పూట కూలి మానుకుని వచ్చిన తల్లులకు ఒక మాట. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది మీ తల్లిదండ్రుల కమిటీయే. ప్రభుత్వం గ్రాంట్లు ఇవ్వాల్సింది దాన్ని ఆధారం చేసుకునే. తీర్మానం పుస్తకం హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది, అడిగి తీసుకోండి. ఏ నెలలో ఎన్ని ఇళ్లు వలస పోతాయో, ఎంతమంది పిల్లలు వెనక మిగులుతారో, వాళ్లకు వలస నెలల్లో నడిచే సీజనల్ హాస్టల్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కావాలో అందులో రాయించండి. సంతకాలు పెట్టి మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.