రోబో గుద్దినా దెబ్బ తగలని చోటు

వీఆర్ హెడ్‌సెట్ అనగానే మనకి గేమ్సే గుర్తొస్తాయి కదా. ఈరోజు దాంతో చేసే ఇంకో పని గురించి చెప్తాను. ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం.

1979 జనవరి 25. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఫ్లాట్ రాక్‌లో ఫోర్డ్ కంపెనీ ఫౌండ్రీ. రాబర్ట్ విలియమ్స్ అనే 25 ఏళ్ల కార్మికుడు విడిభాగాలు తీయడానికి ర్యాక్ ఎక్కాడు. రోబో చెయ్యి వచ్చి తలకి తగిలింది, చనిపోయాడు. రోబో మాత్రం ఆగలేదు, దాని పని అది చేసుకుంటూ పోయింది. రోబో వల్ల చనిపోయిన మొదటి మనిషిగా ఆయన పేరే చెప్తారు.

ఆ తర్వాత చాలాకాలం రోబో చుట్టూ కంచె కట్టడమే పరిష్కారం. ఇప్పుడేమో రోబో, మనిషి ఒకే బల్ల దగ్గర పని చేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. మరి కంచె తీసేస్తే ఎంత దూరం ఉండాలి? దానికో లెక్క ఉంది. సేఫ్టీ స్టాండర్డ్స్‌లో మనిషి నడక వేగాన్ని సెకనుకి 1.6 మీటర్లుగా తీసుకుంటారు. రోబో పూర్తిగా ఆగడానికి అర సెకను పట్టిందనుకోండి, ఈలోపు మీరు 80 సెంటీమీటర్లు దానివైపు వెళ్లిపోయి ఉంటారు. అంటే సెన్సర్ మిమ్మల్ని అంతకంటే దూరంలోనే పసిగట్టాలి.

చిక్కు ఎక్కడంటే, మనిషి లెక్క ప్రకారం నడవడు. కంగారు పడతాడు, కింద పడ్డ స్క్రూ కోసం వంగుతాడు, నాలుగు రోజులు అలవాటయ్యాక జాగ్రత్త మానేస్తాడు. ఇవన్నీ గమనించాలంటే అసలు రోబో ముందు మనుషుల్ని నిలబెట్టి తప్పులు చెయ్యనివ్వాలి. ఎవరు ఒప్పుకుంటారండీ?

అందుకే వీఆర్. గ్రీస్‌లో, ఏథెన్స్ నేషనల్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు మాట్సాస్, వోస్నియాకోస్ కలిసి 'బివేర్ ఆఫ్ ద రోబో' అని ఒకటి తయారుచేశారు. మన గేట్ల మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు గుర్తొచ్చింది నాకైతే! అందులో రోబో కార్బన్ ఫైబర్ బట్ట ముక్కలు తెచ్చిస్తుంది, మీరు వాటిని అచ్చులో పరవాలి. మీ కదలికల్ని కైనెక్ట్ కెమెరా పట్టుకుంటుంది. రోబో గుద్దినా ఒంటికి ఏమీ కాదు.

మీకో డౌట్ రావాలి ఇక్కడ. దెబ్బ తగలదని తెలిస్తే మనం గేమ్‌లో బిల్డింగ్ మీంచి దూకినట్టు తెగించేస్తాం కదా? నిజమే. అందుకే ఇలాంటి పరీక్షల్లో నోటి మాట ఒక్కటే నమ్మకూడదు. చెయ్యి ఎక్కడ ఆగింది, తల ఎటు తిరిగింది, ఎప్పుడు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు, ఇవి చూడాలి.

ఇంకోటి. వీఆర్‌లో మనుషులు దూరాన్ని అసలు కంటే తక్కువగా అంచనా వేస్తారని చాలా పరిశోధనల్లో తేలింది. ఇక్కడ గొడవంతా దూరం గురించే! కాబట్టి ఎర్ర లైటు మేలా, బీప్ సౌండ్ మేలా అని పోల్చి చూడ్డానికి వీఆర్ బాగుంటుంది. రోబో ఎంత దూరంలో ఆగుతుందో మాత్రం అసలు మెషిన్ దగ్గర, మనుషుల్ని పక్కకి పంపించి కొలవాల్సిందే.

సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.