వకీలు రాని విచారణలో మనకు తోడెవరు?

(సూరత్‌లోని తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చార్జిషీటు చేతికందగానే మనము మొదట వెదకునది వకీలును. కాని శాఖాపరమైన విచారణలోనికి వకీలుకు సామాన్యముగా ప్రవేశము లేదు. రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమావళి 9వ నియమమును, తపాలాలో 1965 నాటి సి.సి.ఎస్. నియమావళి 14వ నియమమును ఆ మాటే చెప్పుచున్నవి. తోడు రాదగినవాడు తోటి ఉద్యోగి, లేదా రిటైరైన ఉద్యోగి. రైల్వేలోనైతే గుర్తింపు పొందిన యూనియన్ ప్రతినిధి కూడ. అనగా లా పట్టా లేనివాడే ఇచ్చట వాదింపవలెను. అతడు ఏమియు చదువక ఎంక్వైరీ ఆఫీసరు ఎదుట బిక్కమొగము వేసికొని కూర్చున్నచో, పోవునది పక్కవాని ఉద్యోగము.

చదువుటకు పైసా ఖర్చు లేదు. చట్టములు కేంద్ర ప్రభుత్వపు ఇండియా కోడ్‌లో ఉన్నవి. సుప్రీంకోర్టు తీర్పులను 2023లో ప్రారంభమైన ఈ-ఎస్సీఆర్‌లో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. కొన్నింటికి తెలుగు అనువాదములును ఉన్నవి. ఇండియన్ కానూన్‌లో ఒక మాట కొట్టి వెదకుటకు చేతిలోని ఫోను చాలును. అయితే ముందుగా మనకు వర్తించు నియమావళి ఏదో తేల్చుకొనవలెను. గ్రామీణ డాక్ సేవకులది వేరు నియమావళి. వారి కేసులో 1965 నియమములను ఉటంకించుట వృథా.

ఒక ఉదాహరణ చూతము. ఎంక్వైరీ రిపోర్టు నకలు ఇవ్వకయే ఉద్యోగిని డిస్మిస్ చేసినారనుకొందము. వెదకగా 1990 నాటి మొహమ్మద్ రంజాన్ ఖాన్ తీర్పు దొరకును: నకలు ఇవ్వవలెనని. అంతటితో సంబరపడరాదు. ఇంకను ముందుకు వెదకినచో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.కు సంబంధించిన కరుణాకర్ కేసు కనబడును. 1993లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ హక్కును ఖాయపరచినది. కాని నకలు ఇవ్వనంత మాత్రమున శిక్ష దానంతటది రద్దు కాదనియు, అందువలన తనకు నష్టము కలిగినదని ఉద్యోగి చూపవలెననియు చెప్పినది. మొదటి తీర్పుతో ఆగినవాడు అప్పీలులో ఆ నష్టము ఊసే ఎత్తడు. తీర్పు దొరకగానే, తరువాతి తీర్పులు దానిని ఏమి చేసినవో చూడవలెననుట ఇందుకే.

సూరత్ స్టేషను పశ్చిమ రైల్వే ముంబై డివిజనులోనిది. ఉత్తర్వు ముంబై నుండి వచ్చినది గనుక ట్రిబ్యునల్‌కును అచ్చటికే పోవలెననుకొనుట సహజము. కాని 1987 నాటి ట్రిబ్యునల్ కార్యవిధాన నియమావళి 6వ నియమము ప్రకారము ఉద్యోగి పనిచేయు చోటును బట్టి అహమ్మదాబాదు బెంచీలో దరఖాస్తు వేయవచ్చును. ఒక్క నియమము చదివినందుకు ఎన్ని ప్రయాణములు తప్పునో చూడుడు!

గడువుల మాట మరువరాదు. శాఖాపరమైన అప్పీలుకు 45 రోజులు. 1985 చట్టము 21వ సెక్షను మేరకు తుది ఉత్తర్వు నుండి ఒక సంవత్సరములోగా ట్రిబ్యునల్‌కు పోవలెను. అప్పీలుకు ఆరు నెలలు జవాబే రానిచో, ఆ ఆరు నెలలు ముగిసిన పిదప ఒక సంవత్సరము. మరల మరల వినతిపత్రములు పెట్టినంత మాత్రమున గడువు పెరుగదని 1989లో ఎస్.ఎస్. రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చినది.

ఇక కేసు హైకోర్టుకు పోయినచో వకీలు కావలసినదే. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టము 12వ సెక్షను క్రింద మహిళలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము లభించును. దరఖాస్తుతో పాటు ఉత్తర్వుల నకళ్లు తేదీల వరుసలో కుట్టి ఇచ్చినచో, ఆ వకీలుకు సగము పని మనమే చేసిపెట్టినట్లు.