పరీక్ష దాణా బస్తా దగ్గర మొదలు కావాలి
(పాడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి, దాణా ధర గురించి ఇందాకటి నుంచి మాట్లాడుకున్నాం. ఆ రెండు లెక్కల్లోనూ రాని నష్టం ఒకటుంది. అది దాణాతో మన కొట్టంలోకి వచ్చి, పాలతో బయటికి పోతోంది. అదే బూజు విషం. శాస్త్రవేత్తలు అఫ్లాటాక్సిన్ అంటారు.

బూజు మనకు కొత్త కాదు. తడిసిన గడ్డివామి విప్పితే నల్లగా, తెల్లగా కనిపిస్తుంది, ముక్కుకు తగులుతుంది. కానీ బూజు వేరు, అది వదిలిన విషం వేరు. బూజును దులపొచ్చు, ఎండకు చంపొచ్చు. అప్పటికే గింజలోకి దిగిన విషం మాత్రం అక్కడే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చక్కగా కనిపించే చెక్కలో కూడా ఉండొచ్చు.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసిందే వేరుశనగ చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దాన్ని పరిశీలించి అఫ్లాటాక్సిన్ అని చెప్పింది. అంటే యాభై ఏళ్లుగా ప్రభుత్వాలకు తెలిసిన విషయమే ఇది.

మన జిల్లాలకు ఈ బాధ ఎక్కువ ఎందుకు? ఈ బూజు నేలలోనే ఉంటుంది. చెనిక్కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే, నేల వేడెక్కి, కాయ బలహీనపడి, బూజు లోపలికి దూరుతుంది. తీరా కాయ పీకే అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వాన పడుతుంది. ముందు కరువు, వెనక ముసురు. ఈ రెండూ ఒకే పంట మీద పడేది మన దగ్గరే. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతి చుట్టుపక్కల తడవని గడ్డి ఎంత మిగిలిందో మీకు తెలుసు.

ఇప్పుడు కాయ ప్రయాణం చూడండి. మంచి పప్పు ఒక దారిన పోతుంది. ముడతపడినవి, నల్లబడినవి, మొలకెత్తినవి ఆడవాళ్లు ఏరి పక్కన పెడతారు. అవి చవగ్గా నూనె మిల్లుకు పోతాయి. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగిలిపోతుంది. మనం పనికిరాదని చవగ్గా అమ్మిన గింజే, చెక్కగా మారి, మంచి ధరకు మన ఆవు తొట్టిలోకి తిరిగి వస్తుంది.

చిన్న లెక్క చెబుతాం. కిలోకు 100 మైక్రోగ్రాముల విషం ఉన్న చెక్క ఆవుకు రోజుకు 3 కిలోలు పెట్టామనుకోండి. లోపలికి పోయింది 300 మైక్రోగ్రాములు. అందులో సుమారు ఒకటి రెండు శాతం రూపం మారి పాలలోకి వస్తుంది. అంటే 3 నుంచి 6. ఆవు పది లీటర్లు ఇస్తే లీటరుకు 0.3 నుంచి 0.6. పాలలో చట్టం ఒప్పుకునేది కిలోకు 0.5 మాత్రమే. ఆవు పైకి బాగానే ఉంటుంది, పాలు మాత్రం హద్దు దాటుతాయి. కాచినా ఈ విషం పోదు. ఆ పాలు మొదట తాగేది మన ఇంటి పిల్లలే.

2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 5.7 శాతంలో ఈ విషం పరిమితి దాటింది. అలాంటి నమూనాలు ఎక్కువగా దొరికిన రాష్ట్రాల్లో మన పొరుగునున్న తమిళనాడు ఒకటి. ఈ విషం దాణా, మేతల ద్వారానే పాలలోకి వస్తోందని ఆ సంస్థే చెప్పింది. పాలలో కలిపిన కల్తీ కాదు ఇది.

పశువుకు జరిగే నష్టమూ తక్కువ కాదు. కాలేయం దెబ్బతింటుంది, మేత తగ్గుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది, దూడ ఎదగదు. వీటికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి అసలు కారణం ఎవరికీ తట్టదు. ఇతర బూజులూ ఉన్నాయి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న బర్రెలకు తోక, చెవుల కొసలు, కాళ్లు కుళ్లే డెగ్నాలా జబ్బు వస్తుంది. మొక్కజొన్నలో పెరిగే మరో బూజు విషం గుర్రం మెదడునే కరిగిస్తుంది. తినడానికి పనికిరాని గడ్డిని పడకగా పరిచినా మేలు లేదు. పశువు దాన్నీ నములుతుంది. ఆ దుమ్ము ఊడ్చే మనిషి ఊపిరితిత్తులకూ చేటు.

మన చేతిలో ఉన్నవి మనం చేయాలి. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టాలి. కాయ ఊపితే గలగలమనేదాకా ఎండాలి. తేమ 8, 9 శాతం దాటితే మూట కట్టొద్దు. బస్తాలు నేలకు, గోడకు తగలకుండా బల్ల మీద పెట్టాలి. ఏరిన పాడు గింజను, బూజు పట్టిన కట్టెను పశువుకు పెట్టొద్దు, పరవొద్దు. బూజు చెక్కను మంచి చెక్కలో కలిపితే మంచిదీ చెడుతుంది. పాడు మేత ఆపితే నాలుగైదు రోజుల్లో పాలు చాలావరకు శుభ్రపడతాయి.

కానీ కంటికి కనిపించని దాన్ని రైతు కంటితో పట్టుకోలేడు. యంత్రం కావాలి. పాల కేంద్రంలో వెన్న శాతం నిమిషంలో తేల్చే యంత్రం ఉంది, ఎందుకంటే దాంతో మన ధర కోయొచ్చు. ఐరోపాకు పోయే పప్పుకు అఫ్లాటాక్సిన్ పరీక్ష తప్పనిసరి. మన ఆవు తినే చెక్కను మాత్రం చూసే దిక్కు లేదు. రేపు పాలకు ఈ పరీక్ష గట్టిగా మొదలైతే ఏమవుతుంది? క్యాను వెనక్కి వస్తుంది. నష్టం మనది. దాణా అమ్మినవాడు డబ్బు ఎంచుకుని వెళ్లిపోయి ఉంటాడు. పాలు పరీక్షించొద్దని మనం అనడం లేదు. తాగేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. పరీక్ష దాణా దగ్గర మొదలు కావాలంటున్నాం.

అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది:

1. మిశ్రమ దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదన్న బీఐఎస్ ప్రమాణాన్ని గట్టిగా అమలు చేయాలి. ప్రతి బస్తా మీద, ప్రతి లాటు చెక్క మీద పరీక్ష ఫలితం, తేదీ అచ్చు వేయాలి.

2. రైతు తెచ్చిన చెక్క, గడ్డి, కట్టెలను రైతు సేవా కేంద్రాల ద్వారా ఉచితంగా పరీక్ష చేయించాలి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. చవకగా పరీక్షించే పద్ధతిని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ ఎప్పుడో తయారుచేసింది. లేనిది మనసే.

3. కోతకు ముందే సబ్సిడీ మీద టార్పాలిన్లు ఇవ్వాలి. తడిసి బూజు పట్టిన కాయను నష్టపరిహారం ఇచ్చి సేకరించాలి, అది మళ్లీ మేతలోకి రాకుండా చూడాలి.

4. పాలలో విషం తేలితే రైతును శిక్షించే ముందు ఆ రైతు కొన్న దాణాను పరీక్షించాలి. తప్పు దాణాదైతే అమ్మినవాడే నష్టం కట్టాలి.

పలమనేరు, కుప్పం, పుంగనూరు మెట్ట ఊళ్ల నుంచి శ్రీకాళహస్తి, సత్యవేడు వరి ఊళ్ల దాకా ఈ మాట పోవాలి. దాణా కొన్నప్పుడు బిల్లు అడగండి, బస్తా మీది లాటు నంబరు రాసి పెట్టుకోండి. ఒక్క రైతు అడిగితే దుకాణదారు నవ్వుతాడు. ఊరంతా అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో దీన్ని మొదటి అంశంగా పెట్టమని కోరుతున్నాం.