సెలవుల్లో సౌదీ: ఒక టీచరు కబుర్లు

నేను సౌదీ అరేబియాలోని దమ్మాం నగరంలో ఇరవై ఏళ్ళకు పైగా సోషల్ పాఠాలు చెబుతున్నాను. సౌదీ అనగానే మీకు ఇసుక, ఒంటెలు, పెట్రోలు గుర్తొస్తాయి కదా! ఇక్కడే ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి కూడా తెలిసింది ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి, లులూ మార్కెట్టు, ఏడాదికోసారి విమానాశ్రయం. అంతే. కానీ ఈ దేశం వైశాల్యం దాదాపు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన భారతదేశంలో సుమారు మూడింట రెండు వంతులు. అందులో మేము సెలవుల్లో చూసిన మూడు చోట్ల గురించి ఇవాళ చెబుతాను.

ఎందుకు చూడాలి అంటారా? క్లాసులో "మీదే ఊరు?" అని అడిగితే పిల్లలు కరీంనగర్ అనో, కడప అనో, భీమవరం అనో చెబుతారు. ఆ ఊళ్ళో వాళ్ళు ఉన్న రోజులన్నీ కూడితే ఏడాది కూడా అవదు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. పాస్‌పోర్టులో జన్మస్థలం దమ్మాం అనే ఉంటుంది. అయితే ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. పన్నెండో తరగతి కాగానే చాలామంది కాలేజీ చదువుకు ఇండియా వెళ్ళిపోతారు. పుట్టిన దేశాన్ని చూసే అవకాశం ఈ పదిహేను, పదిహేడేళ్ళే.

మాకు దగ్గర్లో ఉన్నది అల్ అహ్సా. దమ్మాం నుంచి 150 కిలోమీటర్లు ఉంటుంది. శుక్రవారం పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. అక్కడ సుమారు 25 లక్షల ఖర్జూరపు చెట్లున్నాయి. 2018లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ తోటల ప్రాంతంలోనే వరి కూడా పండిస్తారు! హసావీ బియ్యం అంటారు, ఎర్రగా ఉంటాయి. మా అత్తగారిది కోనసీమ. విజిట్ వీసా మీద వచ్చినప్పుడు ఆ బియ్యం గుప్పిట్లోకి తీసుకుని, "ఎడారిలో వరి పండటమేమిటే అమ్మాయ్!" అని ఆశ్చర్యపోయారు. ఒకప్పుడు అక్కడ ఊటలు వాటంతటవే పైకి ఉబికేవట. ఇప్పుడు మోటార్లతో తోడుకుంటున్నారు. మన రాయలసీమ బోర్ల కథే. పక్కనే కారా కొండ ఉంది. బయట ఎండ మండిపోతున్నా ఆ గుహల్లో చల్లగా ఉంటుంది.

2014లో రంజాన్ పండుగ జూలై నెలాఖరున వచ్చింది. ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకుని అభా వెళ్ళాం. దమ్మాం నుంచి దాదాపు 1,400 కిలోమీటర్లు. మధ్యలో రియాద్‌లో ఒక రాత్రి ఆగాం. 2018 జూన్ దాకా ఇక్కడ ఆడవాళ్ళు కారు నడపడానికి లేదు. అందుకని దారంతా మావారే నడిపారు. అభా సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది, ఇంచుమించు మన ఊటీ అంత. దమ్మాంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో అక్కడ మేము స్వెట్టర్లు వేసుకున్నాం. మధ్యాహ్నం ఉరుములతో వాన పడింది. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఎంత పిలిచినా కారెక్కలేదు, వానలోనే నుంచుంది. తిరుమల ఘాటులోలాగే అక్కడ కూడా రోడ్డు పక్కన కోతులు చేతిలో తిండి కోసం కాచుకుని ఉంటాయి.

అభా నుంచి కొండ దిగితే రిజాల్ అల్మా అనే పాత ఊరు వస్తుంది. అన్నీ రాతి మేడలే. ఆ ప్రాంతపు ఇళ్ళ లోపలి గోడల మీద ఆడవాళ్ళు రంగురంగుల గీతలు, త్రికోణాలు వేస్తారు. దాని పేరు అల్ కత్. 2017లో యునెస్కో జాబితాకెక్కింది. మన ముగ్గులు వాకిట్లో ఉంటాయి, వాళ్ళవి అతిథులు కూర్చునే గదిలో ఉంటాయి.

ఆ 2017లోనే ఇక్కడ కుటుంబాల మీద ఫీజు మొదలైంది. జూలై నుంచి తలకు నెలకు 100 రియాళ్ళు. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. అంటే భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న వాళ్ళకి నెలకు 1,200 రియాళ్ళు. చిన్న జీతాల వాళ్ళు కుటుంబాల్ని ఇంటికి పంపేశారు. నా క్లాసులోనూ బెంచీలు ఖాళీ అయ్యాయి. టి.సి. తీసుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి, "టీచర్, ఇక్కడే పుట్టాను కానీ కార్నీష్‌లో సముద్రం తప్ప ఇంకేమీ చూడలేదు" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి ప్రతి సెలవులకీ పిల్లలకు ఒకటే హోంవర్కు ఇస్తున్నాను: ఈ దేశంలో ఒక కొత్త చోటు చూసి, ఒక పేజీ రాసుకు రండి.

2021 చలికాలంలో మేము హెగ్రా చూశాం. మదాయిన్ సాలెహ్ అన్నా అదే. ఈసారి సగం దూరం నేనే కారు నడిపాను. 2008లో, సౌదీ మొత్తంలో మొట్టమొదట యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది ఈ చోటే. రెండు వేల ఏళ్ళ కిందట సాంబ్రాణి వ్యాపారం చేసిన నబాతీయులు కొండల్ని తొలిచి కట్టుకున్న పెద్ద సమాధులు 111 ఉన్నాయి. ఒక సమాధి సగంలో ఆగిపోయింది. పని పైనుంచి కిందికి చేశారని దాన్ని చూస్తే తెలిసిపోతుంది. మన ఎల్లోరా కైలాసాలయాన్నీ అలాగే చెక్కారు కదా. కొన్ని ద్వారాల పైన శాసనాలున్నాయి. సమాధి ఎవరిది, అందులో ఎవరిని పెట్టవచ్చు, కాదని ఇంకెవరైనా వాడుకుంటే ఎంత జరిమానా, అన్నీ రాశారు. అది విని మా అమ్మాయి, "ఇది వాళ్ళ ఇకామానా అమ్మా?" అంది. "కాదే, పట్టా కాగితం" అన్నాను.

ఇక్కడి శ్రోతలకు రెండు మాటలు. ఎడారి వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అభాకు వేసవిలో వెళ్ళండి. ఇకామా జేబులో ఉంచుకోండి. ట్యాంకు సగానికి రాకముందే పెట్రోలు పోయించుకోండి, మంచినీళ్ళు ఎక్కువే పెట్టుకోండి. మీరు అమెరికాలో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, ఒక్క సెలవైనా మీ పిల్లలు పుట్టిన దేశానికి కేటాయించండి. రేపు వాళ్ళు ఎక్కడ స్థిరపడతారో మనం చెప్పలేం. ఎక్కడ పుట్టారో మాత్రం మారదు. అది వాళ్ళకి కాగితం మీద పేరుగానే మిగలకూడదు.